ఓడకట్టె దర్వాజ

ఆ ఎండాకాలం మా మామ అంతయ్య తన కన్నకొడుకుతో మాట్లాడటం మానేశాడు. ఏం చెప్పాలన్నా నాతోనే. కొడుకు ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నా సరే, "మమతా, పొద్దుగాల శంకర్‌పల్లికి తలుపులు పోవాలె, బండి తియ్యమను" అనేవాడు. మా ఆయన జితేందర్ తక్కువ తిన్నాడా? విని కూడా విననట్టే కూర్చుని, నేను మళ్ళీ చెప్పాకే తల ఊపేవాడు. "తీస్త అని చెప్పు" అనేవాడు నాతో. ఆ ఇంటికి కోడలిగా వచ్చానో, పోస్టాఫీసులో ఉద్యోగానికి వచ్చానో నాకే అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంది గానీ అప్పుడు నవ్వు రాలేదు. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మా వైపు మిర్గం అంటాం. ఆ మిర్గం నాడు మేమిద్దరం వేరు పొయ్యి పెట్టుకోవాలని మామ తీర్పు చెప్పేశాడు. గడువు దగ్గర పడుతోంది. దీనంతటికీ కారణం ఒక దర్వాజ.

మొయినాబాదులో చేవెళ్ల రోడ్డు మీద మా వడ్రంగి దుకాణం ఉంది. ఐటీ మంచి జోరు మీదున్న రోజులవి. హైటెక్ సిటీలో సంపాదించినవాళ్ళు ఇటు జన్వాడలో, మోకిలలో ఫామ్‌హౌస్‌లు కట్టుకుంటున్నారు. ఒకప్పుడు నాగళ్ళూ బండి చక్రాలూ చేసిన మా మామ, వాళ్ళు ప్రింటు తీసి తెచ్చిన బొమ్మలు చూసి బార్ కౌంటర్లు చేసేవాడు. ఆ కౌంటరు దేనికో తెలిసిన రోజు మాత్రం బాడిస కింద పెట్టి, "తాగుడుకు గింత ముస్తాబా?" అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

జన్వాడలో ఒక సాఫ్ట్‌వేర్ సారుకు పాత ఓడకట్టెతో భోజనాల బల్ల కావాలని కోరిక పుట్టింది. ఎక్కడో హోటల్లో చూశాడట. జితేందర్‌కు సొంత డీసీఎం వ్యాను ఉంది. అప్పటిదాకా ఊరందరి సరుకూ మోసిన మనిషి, మొదటిసారి తన సొంత బేరం కుదుర్చుకుని కాకినాడ దాకా వెళ్ళాడు. అక్కడ సముద్రం ఒడ్డున పాత పడవలు విప్పి కట్టె అమ్మే నూకరాజు దగ్గర వ్యాను నిండా దూలాలు ఎక్కించుకొచ్చాడు. మామ బల్ల చేశాడు. సారు దాన్ని నిమిరి నిమిరి మురిసిపోయాడు. లావుపాటి దూలాలు కొన్ని మా షెడ్డులో మిగిలిపోయాయి.

అదే రోజుల్లో దుకాణం వెనక మా ఇల్లు మొదలైంది. రేకుల గదుల్లో ఎండకు ఉడికిపోతూ, వాన మోతకు చెవులు మూసుకుంటూ బతికిన మాకు అది పెద్ద సంబరం. పునాది లేచింది. ఇక సింహద్వారానికి దర్వాజ, అంటే తలుపు బిగించే చట్రం, నిలబెట్టాలి. వడ్రంగుల ఇంటి దర్వాజ అంటే పదిమందీ వచ్చి చూస్తారు. మామ కళ్ళు ఆ మిగిలిన దూలాల మీద పడ్డాయి.

"పాత కట్టె కొత్తింటికి ఎట్ల వెడ్తవయ్యా?" అంది మా అత్త నీలమ్మ. "ఏ నీళ్ళల్ల తిరిగిందో, ఎవలెవల్ని మోసిందో!"

"మోసింది గదా, ముంచలే గదా" అన్నాడు మామ. బాడిస వెనక వైపుతో దూలం కొస మీద కొట్టాడు. ఖంగుమంది. "ఇన్నవా? గిసొంటి టేకు ఇప్పుడు అడవిల గూడ దొరకది."

"నువ్వే చూస్కో బాపు. కట్టె సంగతి నాకేమెరుక?" అన్నాడు జితేందర్. పైకి అలా అన్నాడు గానీ మొహం వెలిగిపోతోంది. తను తెచ్చిన కట్టె తండ్రికి నచ్చడం కన్నా ఆయనకు కావలసింది ఇంకేమీ లేదు.

మామ ఆ దూలాలను చీల్చకుండా, పైపైన రంద పట్టి నిండుగానే దర్వాజ చేశాడు. మాఘమాసంలో మంచిరోజు చూసి దాన్ని నిలబెట్టాం. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులూ నవధాన్యాల మూటా కట్టాం. చూసినవాళ్ళంతా ఆ కట్టె నిగనిగను మెచ్చుకున్నారు. అత్త కూడా చివరికి, "మంచిగనే ఉన్నది తియ్" అని ఒప్పుకుంది. దాని చుట్టూ గోడలు లేచాయి, స్లాబు పడింది. ఎండలు ముదిరేసరికి తలుపు బిగించే పని వచ్చింది.

ఆ రోజు డ్రిల్లు మామ చేతిలో ఉంది. జితేందర్ తలుపు పట్టుకున్నాడు. నేను స్క్రూలు అందిస్తున్నాను. మడతబందుల కోసం మామ దర్వాజకు రంధ్రం వేస్తుంటే, కొంచెం దూరం గట్టిగా దిగిన డ్రిల్లు ఒక్కసారిగా బుసుక్కున లోపలికి పోయింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. డ్రిల్లు వెనక్కి లాగాడు. రంధ్రంలోంచి సన్నగా తెల్లటి పిండి కారింది.

మామ ఆ పిండిని అరచేతిలో పట్టాడు. సైకిల్ చువ్వ తెచ్చి రంధ్రంలో పెట్టి చూశాడు. చువ్వ చాలా లోతుకు పోయింది. కాస్త కింద ఇంకో రంధ్రం వేశాడు. అక్కడా అంతే, పైన గట్టి, లోపల డొల్ల.

"పుచ్చు" అన్నాడు మామ మెల్లగా. "లోపట పురుగున్నది. తింటున్నది."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జితేందర్ తలుపును గోడకు ఆనించి దగ్గరికి వచ్చాడు.

"జర సరిగ్గ చూడు బాపు. పురుగు ఏడ కనవడ్తున్నది?"

"కనవడ్డంక చూసుడేంది? నా చిన్నప్పుడు మా బాపు షెడ్డుల గిట్లనే ఒక్క మామిడిచెక్కతోని జొచ్చింది. షెడ్డుల కట్టెంత కాలవెట్టిండు మా బాపు. గీ ఇంటికి ఎక్కినంక కిటికీలు, వాసాలు ఏమన్న మిగులుతయా? జన్వాడ సారు బల్ల గూడ గీ కట్టెనే. ఆ బల్ల వాపస్ తేవాలె. సారుకు ఉన్నదున్నట్టు చెప్పాలె."

"అప్పుడే చెప్పకు బాపు. నా మొదటి బేరమది. నా పేరు పోతది."

"నీ పేరు నిన్న పుట్టింది. నా పేరు సంగతేంది?"

అక్కడితో ఆగినా బాగుండేది. జితేందర్ ఆగలేదు. "కట్టె తెచ్చింది నేనే. మరి రంద వట్టింది నువ్వు గాదా? కోసింది నువ్వు గాదా? అప్పుడు నీ కండ్లు ఏడ వెట్టుకున్నవ్?" అన్నాడు.

 మామ చువ్వను లుంగీకి తుడుచుకున్నాడు. తరవాత నావైపు తిరిగాడు. "మమతా, జన్వాడ సారు సింగపూర్ పోయిండట, మిర్గానికి వస్తడట. ఆయన వచ్చినంక నేనే పోయి చెప్త. మిర్గం నాడు గీ దర్వాజ పీకి కాలవెడ్త. అదే దినం మీరిద్దరు వేరు పొయ్యి వెట్టుకోరి. వానికి చెప్పు" అన్నాడు. అంటూనే షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మొదలైంది నా పోస్టాఫీసు ఉద్యోగం.

నిలబెట్టిన దర్వాజను పీకడం ఎంత అశుభమో అత్త ఏడ్చి చెప్పింది. గోడలు పగలగొట్టాలని మేస్త్రీ చెప్పాడు. మామ వినలేదు. ఆయన మొండితనం నాకు తెలుసు గానీ, ఇది వట్టి మొండితనం కాదని కొద్దిరోజుల్లోనే అర్థమైంది. పొద్దున్నే లేచి దర్వాజకు చెవి ఆనించి నిలబడేవాడు. కట్టె తినే పురుగు కరకరమని చప్పుడు చేస్తుందట.

"ఇనవడ్తున్నదా మామా?" అని అడిగాను ఒకరోజు.

"ఇనవడ్తున్నది."

నేనూ చెవి పెట్టాను. చేవెళ్ల రోడ్డు మీద పోయే లారీల మోత తప్ప నాకేమీ వినబడలేదు. ఆ మాటే చెప్పాను. "మీకు ఇనవడది బిడ్డా" అన్నాడు జాలిగా, నా చెవులకేదో లోపం ఉన్నట్టు.

తరవాత మెడికల్ షాపులో సిరంజి కొనుక్కొచ్చి, రంధ్రాల్లోకి కిరోసిన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. దవాఖానలో నర్సు కూడా అంత శ్రద్ధగా సూది వెయ్యదు. చువ్వ పెట్టి లోపల కెలికేవాడు. కెలికిన కొద్దీ తెల్లపిండి గడప మీద రాలేది. అది చూసి, "ఇంక తింటనే ఉన్నది, చావలే" అనేవాడు. అత్త రోజూ చీపురుతో ఊడ్చేది. కొత్తింట్లో సున్నం వాసన రావలసింది పోయి ఎక్కడ చూసినా కిరోసిన్ కంపు.

ఒకరోజు షెడ్డుకు టీ తీసుకెళ్ళాను. మామ కొత్త టేకు పలకను ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. అప్పటికే రంద పట్టి నున్నగా తీసిన పలక అది.

"బిడ్డా, నీ కండ్లు మంచిగుంటయ్. దీంట్ల ఏమన్న బెజ్జాలున్నయా చూడు" అన్నాడు.

"ఏం లేవు మామా."

"సరిగ్గ చూడు."

మళ్ళీ చూశాను. ఏమీ లేవు. ఆయన పలక తీసుకుని బొటనవేలితో పొడుగునా రాసి చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆయన కోపం కొడుకు మీద కాదు. కొడుకు అన్న ఆ ఒక్క మాట ఆయన లోపల దిగబడిపోయింది. నిజంగానే తన కళ్ళు పోయాయనుకుంటున్నాడు. ఓడకట్టెను చూసి మోజుపడి, చూడవలసింది చూడలేదనుకుంటున్నాడు. పనివాడికి అంతకు మించిన భయం ఉంటుందా?  కానీ ఆ సంగతి జితేందర్‌కు ఎలా చెప్పను? చెప్పినా, "అడగమను మరి నన్ను" అనేవాడు. తండ్రి నోరు విప్పితే తప్ప కొడుకు విప్పడు, కొడుకు తగ్గితే తప్ప తండ్రి తగ్గడు.

చేవెళ్లలో బస్టాండు దగ్గర కిరాయికి ఒక గది ఉందంటే చూడటానికి వెళ్ళాం. మేడ మీద గది. సొంత నీళ్ళ నల్లా, పెద్ద కిటికీ, పైగా గోడకు గులాబీ రంగు. ఉన్నమాట చెప్పాలంటే ఒక నిమిషం నాకు మనసైంది. పొద్దున్నే నల్లా కోసం అత్తతో పోటీ ఉండదు, నా ఇష్టం వచ్చినంత కారం వేసుకోవచ్చు అనుకున్నాను.

"నచ్చిందా?" అన్నాడు జితేందర్.

"నల్లా నచ్చింది" అన్నాను. అని ఏడ్చేశాను. ఇంటి ఓనరు కంగారుపడి కిందికి వెళ్ళిపోయాడు. జితేందర్ కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తూ, "ఆ కట్టె తేకుంటే బాగుండు" అన్నాడు. ఆ ఇంట్లో నుంచి వెళ్ళిపోవడం ఆయనకూ ఇష్టం లేదు. నాలుగు మాటలు తండ్రికి ఎదురుగా చెబితే అయిపోయేదానికి, ఊరు దాటి గది చూసుకుంటున్నాం.

ఇంటికి వచ్చేసరికి అత్త గిన్నెలు పంచుతోంది. అన్నం వండే మంచి ఇత్తడి గుండు నావైపు జరిపింది. కాసేపటికి అదే గుండును తనవైపు లాక్కుంది. మళ్ళీ నావైపు జరిపింది. "తీస్కపో, నాకెందుకు ఇద్దరికి గింత పెద్ద గుండు?" అంది. ముక్కు చీదుకుని మళ్ళీ లోపల పెట్టేసింది. ఆ పంపకం మిర్గం దాకా తెమిలేటట్టు కనబడలేదు.

మిర్గానికి కొద్దిరోజుల ముందు, ఒక శుక్రవారం పొద్దున. మామ మోకిలలో ఎవరింటికో కొలతలు తీసుకోవడానికి పోయాడు. జితేందర్ చేవెళ్ల మార్కెట్టుకు టమాటలు వేసుకుని పోయాడు. కొత్తింటికి దిష్టి తగిలిందని అత్త నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, చెరో చెక్క గడపకు అటూ ఇటూ పెట్టింది. నేను తడిగుడ్డతో దర్వాజ తుడుస్తున్నాను. నా చెయ్యి తగిలి, మడతబందు రంధ్రంలోంచి గుప్పెడు తెల్లపిండి కిందికి రాలింది. సరిగ్గా నిమ్మచెక్క మీద పడింది.

చుయ్యిమంది. నిమ్మచెక్క మీద ఎర్రగా నురగ పొంగింది.

అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, ఎవలో ఏదో జేసిన్రు! నిమ్మకాయ పొంగుడేంది పిల్లా? బాణామతే గిది!"

నాకూ భయమేసింది. గుడ్డ అక్కడే వదిలేసి నిలబడిపోయాను. నురగ కాసేపు బుసబుసలాడి చల్లారింది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోయేసరికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. రెండో వైపు నిమ్మచెక్క తీసుకుని, గడప మీద ఇంకోచోట రాలిన పిండి మీద పిండాను. అక్కడా పొంగింది. షెడ్డులోకి పోయి గుప్పెడు రంపంపొట్టు తెచ్చి దాని మీదా పిండాను. పొట్టు తడిసింది, అంతే. పొంగలేదు.

ఇంటర్లో నేను బైపీసీ చదివాను. ల్యాబులో సారు తెల్లరాయి ముక్క మీద ఏదో పోస్తే ఇలాగే పొంగింది. పాఠం ఒక్క ముక్క గుర్తులేదు గానీ ఆ పొంగు గుర్తుంది.

"అత్తమ్మా, గిది కట్టెపొట్టు గాదు. సున్నం లెక్కున్నది."

సున్నం అనేసరికి అత్త భయం సగం పోయింది. రోజంతా ఆకూవక్కా నమిలే మనిషికి సున్నం పరాయిది కాదు కదా. నేను వద్దనేలోపే వంగి, పిండిని వేలికి అద్దుకుని నాలుకకు రాసుకుంది. కళ్ళు మూసుకుని ఆలోచించింది.

"సున్నమే" అంది. "గనీ నోరు పొక్కుతలేదు. చచ్చిన సున్నం."

"కట్టె తినే పురుగైతే పొట్టు రావాలె గదా, సున్నమెట్లొస్తది?"

"నన్నడిగితే నేనేం జెప్త? ఆ సముద్రం కాడి ఆయననడుగు."

షెడ్డు గోడ మీద జితేందర్ పెన్సిల్‌తో రాసిపెట్టిన నూకరాజు నెంబరు ఉంది. ఇన్ని రోజులూ కళ్ళెదుటే ఉన్నా మా ఇంట్లో ఎవరికీ ఆయన్ను అడగాలని తోచలేదు. మగవాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకపోవడమనే పనిలో అంత మునిగిపోయారు. నేను అక్కడే ఉన్న దుకాణం ఫోన్ తిప్పాను. అత్త రిసీవరుకు ఇటువైపు చెవి ఆనించి నిలబడింది.

"ఆయ్, ఎవరండీ? జితేందర్ బాబుగారి ఇంటావిడా? బాగున్నారాండీ?" అన్నాడు నూకరాజు. జరిగిందంతా చెప్పాను. అటునుంచి పెద్ద నవ్వు వినబడింది.

"అది మీ ఊరి పురుగు కాదండీ అమ్మగారూ. అసలు పురుగే కాదండి, గుల్లజాతి. ఆల్చిప్పలున్నాయి చూశారూ, వాటికి చుట్టవండి. చెక్కలో తొలుచుకుంటా పోయి, తన చుట్టూరా సున్నం పూసుకుంటదండి. మీరు చూసింది ఆ సున్నవే."

"గిప్పుడు అది బతికున్నదా అన్నా? ఇల్లంత పాకుతదని మా మామ పరేషాన్ అయితుండు."

"ఎక్కడి బతుకండీ! ఉప్పునీళ్ళల్లో ఉన్నంతసేపే దాని వైభోగం. పడవని ఏటి మంచినీళ్ళల్లో కొన్నాళ్ళు పెట్టినా చచ్చిపోద్దండి. ఆ పడవ ఒడ్డుకెక్కి ఏళ్ళయిపోయిందాయె. మీ ఇంటి చెక్కని అది తినలేదండి, తినలేదంతే."

"మా మామ రోజు కిరోసిన్ ఎక్కిస్తుండు."

"శవానికి సూదిమందా అండీ?" అని మళ్ళీ నవ్వాడు. తరవాత గొంతు మార్చి, "మీ మావగారిని తప్పు పట్టకండమ్మా. అది పిల్లగా ఉన్నప్పుడు సూదిమొనంత కన్నంలోంచి దూరిపోద్దండి. లోపలే పెరిగి వేలంత లావవుద్ది. పైన చూస్తే చెక్క బంగారంలా ఉంటది. పుట్టిన కాడి నుంచీ పడవల్లోనే ఉన్నోళ్ళం, మాకే కనబడదండి" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేను అక్కడే రంపంపొట్టులో కూలబడ్డాను. గుండెల మీది బరువు ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టయింది. అత్త నా పక్కనే కూర్చుని, "చుట్టాలంట, ఆల్చిప్పలకు!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. తరవాత లేచి లోపలికి పోయింది. ఇత్తడి గుండును దాని పాత చోట తిరిగి పెట్టిన చప్పుడు నాకు వినబడింది.

మధ్యాహ్నం మామ వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చెంబుతో నీళ్ళు ఇచ్చాను. పురుగు సంగతి, సున్నం సంగతి తరవాత చెప్పొచ్చు అనుకుని, చివరి మాటే ముందు చెప్పాను.

"మామా, నూకరాజుకు ఫోన్ జేసిన. అది పైనుంచి ఎవలకు కనవడదంట. పడవలు జేసేటోళ్ళకు గూడ కనవడదంట. లోపట్నే పెరుగుతదంట."

ఆయన చెంబు నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. "నూకరాజు అన్నడా?"

"అన్నడు."

"ఆయనకు గూడ కనవడదన్నడా? మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. అత్త మిగతాదంతా కలిపి చెప్పింది, నిమ్మకాయతో సహా. ఆయన దర్వాజ దగ్గరికి పోయి, ఆ పిండి మీద నిమ్మచెక్క తానే పిండి చూశాడు. పొంగింది. నేరుగా షెడ్డులోకి నడిచాడు. దర్వాజకు పోగా మిగిలిన దూలం ముక్కను ఈడ్చుకొచ్చి, దిమ్మె మీద పెట్టాడు. దాన్ని పొడుగునా కోసి చూడాలి. దానికి పెద్ద రంపం కావాలి. పెద్ద రంపానికి అటో మనిషి, ఇటో మనిషి ఉండాలి.

సరిగ్గా అప్పుడే జితేందర్ వ్యాను వచ్చి ఆగింది. నేను ఎదురుపోయి రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. ఆయన వచ్చి షెడ్డు గుంజను పట్టుకుని నిలబడ్డాడు. మామ రంపం ఒక కొస పట్టుకుని నావైపు చూశాడు. ఏ మాట చేరవెయ్యాలో నాకు తెలుసు. నేను కదల్లేదు. పైట సర్దుకుంటూ ఎటో చూశాను. 

"జితేందర్" అన్నాడు మామ. గొంతు సవరించుకున్నాడు. "ఆ కొస వట్టు."

జితేందర్ పోయి పట్టుకున్నాడు. రంపం నడిచింది. కొంతసేపటికి మా ఆయన, "బాపు, ఆ దినం నేను అన్నది..." అని మొదలుపెట్టాడు.

"రంపం తిన్నగ గుంజు" అన్నాడు మామ.

దూలం రెండుగా విడిపోయింది. లోపల ఎన్ని గొట్టాలో! పొడుగునా, వంకరలు తిరుగుతూ, ప్రతిదాని లోపలా తెల్లగా, నున్నగా సున్నం పూత. మా కొత్తింటికి మేస్త్రీ కూడా అంత బాగా పుయ్యలేదు. ఎక్కడా పురుగు లేదు. ఒక గొట్టం చివర చిన్న చిప్పలు రెండు దొరికాయి, గోరంత. మామ వాటిని గోటిమీద పెట్టుకుని, వెలుతురులో పట్టి చూశాడు.

"ఆకురాయి లెక్కున్నది అంచు" అన్నాడు. "గిది దీని పనిముట్టు. గీకి గీకి పోయింది. ఇగో, గిటు చూడు జితేందర్."

ఇద్దరూ దూలం మీదికి వంగారు. మామ చిటికెనవేలు ఒక గొట్టం వెంట పోనిచ్చాడు. అది పక్కదాని దాకా పోయి, తగలబోయి, పక్కకు తిరిగింది. ఇంకొకటి కూడా అంతే. అన్నీ అంతే.

"ఒక్క కట్టెల ఇందరున్నరు" అన్నాడు మామ. "ఒక్కడు గూడ పక్కోని ఇంట్ల జొరలే."

 మామ ఆ చిప్పలను కొడుకు అరచేతిలో పెట్టాడు. అంతకు మించి ఎవరూ క్షమాపణలు చెప్పుకోలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

జన్వాడ సారు సింగపూర్ నుంచి వచ్చాక, మామ అన్నమాట ప్రకారం తానే పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాపసు తెమ్మంటే తెస్తానన్నాడు. సారు బల్లను రెండు చేతులా పట్టుకుని ఇవ్వనన్నాడట. పైగా అప్పటి నుంచి వచ్చిన చుట్టాలందరికీ బల్ల అడుగున ఎక్కడో నిమ్మకాయ పిండి చూపిస్తున్నాడని జితేందర్ చెప్పాడు.

దర్వాజలో డొల్ల ఉన్నచోటల్లా మామ టేకు బిరడాలు దిగగొట్టాడు. మడతబందులకు అప్పుడు పట్టు దొరికింది. తలుపు బిగించే పని మాత్రం మిర్గం నాటికి మిగిలింది. దర్వాజ తగలబెట్టవలసిన రోజది. పొద్దుటి నుంచీ మబ్బు కమ్మి ఉంది. తండ్రీ కొడుకులు తలుపు ఎత్తి నిలబెట్టారు. అత్తా నేనూ లోపల హాల్లో నిలబడి చూస్తున్నాం.

"జర పైకి. ఇంక జర. ఆ, చాలు" అంటున్నాడు మామ.

"గిటు జరపాల్నా బాపు?"

"వద్దు, గట్లనే ఉండని."

చివరి స్క్రూ బిగించాక, పట్టు సరిగ్గా ఉందో లేదో చూడటానికి మామ బయటి నుంచి తలుపు లాగాడు. చప్పుడు లేకుండా వచ్చి దర్వాజలో ఒదిగిపోయింది. మేము లోపల, వాళ్ళు బయట. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. అవతల మామ ఏదో అన్నాడు. జితేందర్ ఏదో జవాబు చెప్పాడు. మామ నవ్వాడు. మళ్ళీ ఏదో అన్నాడు. మందపాటి టేకు తలుపు, గొంతులే తప్ప ఒక్క మాట కూడా లోపలికి రాలేదు. నేను లేకుండా, నా చెవిన పడకుండా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"వానల తడుస్తున్నరు, తలుపు తియ్యాలె" అని అత్త గడియ మీద చెయ్యి వేసింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.